మాత్ర మొదలుపెట్టాక కోరిక తగ్గితే

గర్భనిరోధక మాత్ర మొదలుపెట్టాక దగ్గరవ్వాలనే అనిపించడం లేదని ఒక ఆడమనిషి నోరు తెరిచి చెబితే, "అదంతా నీ మనసులోనే" అని కొట్టిపారేస్తారు. అలా అనడం అన్యాయం.

ఈస్ట్రోజెన్, ప్రొజెస్టిన్ అనే హార్మోన్లు రెండూ ఉన్న మాత్ర వేసుకుంటే అండాశయాల్లో టెస్టోస్టిరాన్ (కోరికకి తోడ్పడే హార్మోన్) తయారీ తగ్గుతుంది. పైగా కాలేయం ఎస్‌హెచ్‌బీజీ అనే ప్రోటీన్‌ని ఎక్కువగా వదులుతుంది. ఉన్న కాస్త టెస్టోస్టిరాన్‌నీ అది పట్టేసుకుంటుంది. అయినా చాలామందికి కోరికలో తేడా రాదు. గర్భం వస్తుందన్న భయం పోయి కొందరికి పెరుగుతుంది కూడా. తగ్గేది కొద్దిమందికే, వాళ్ల ఇబ్బంది మాత్రం నిజం.

యోనిలో తడి తగ్గి మంటపుడుతుంటే మాత్రల షీటు తిప్పి వెనక చదవండి. ఇథినైల్ ఎస్ట్రాడయాల్ (మాత్రలో ఉండే ఈస్ట్రోజెన్) 0.02 మి.గ్రా. అని ఉంటే అది తక్కువ డోసు మాత్ర. 0.03 ఉన్నదానికి మారితే కొందరికి నయమవుతుంది. ఆ మార్పు డాక్టరే చెయ్యాలి. బీపీ, కళ్ల ముందు మెరుపులతో వచ్చే మైగ్రేన్, రక్తం గడ్డకట్టిన చరిత్ర ఉన్నవాళ్లకి అసలు ఈస్ట్రోజెనే పనికిరాదు. డిప్రెషన్ మందులు, థైరాయిడ్, పాలిచ్చే రోజులు కూడా ఇవే లక్షణాలు తెస్తాయి కాబట్టి అవీ చెప్పండి. ఇబ్బంది కొద్దిపాటిదే అయితే మూడు నెలలు చూడొచ్చు. షీటు మధ్యలో మాత్రం ఆపేయకండి, అంతకుముందు వారంలో కలిసి ఉంటే గర్భం నిలవొచ్చు.

మూడు నెలలకోసారి వేసే గర్భనిరోధక ఇంజెక్షన్ విషయంలో ఇంకాస్త ఆలోచించాలి. పడకపోయినా ఒంట్లోంచి తీసెయ్యలేం. ఆపాక గర్భం రావడానికి చాలా నెలలు పట్టొచ్చు.

కాపర్ టీలో హార్మోన్ లేదు, కోరికని నేరుగా తాకదు. మొదటి మూడు నుంచి ఆరు నెలలు నెలసరి ఎక్కువై, పొత్తికడుపు నొప్పి రావచ్చు. భర్తకి కాపర్ టీ చివరి దారం గుచ్చుకుంటోందంటే చాలాసార్లు దాన్ని మరీ పొట్టిగా కత్తిరించి ఉంటారు. పొడవుంటే మెత్తబడి లోపలికి ఒదుగుతుంది, పొట్టిదైతే బ్రష్షు పోగులా నిలబడుతుంది. మీరు లాగకండి, డాక్టరు సరిచేస్తారు. దారం దొరక్కపోయినా, గట్టి ప్లాస్టిక్ తగిలినా, అది జారి ఉండొచ్చు. చూపించుకునేదాకా కండోమ్ వాడండి.

కండోమ్‌తో పొడిగా ఉందని నూనె, వాజెలిన్ రాస్తే లేటెక్స్ బలహీనపడి చిరుగుతుంది. నీటి ఆధారిత జెల్ రాయండి. నోనోక్సినాల్-9 అనే, వీర్యకణాల్ని చంపే మందు పూసిన కండోమ్‌లు తరచూ వాడితే యోని పొర ఒరుసుకుపోతుంది, హెచ్ఐవీ సోకే ముప్పు పెరుగుతుంది.

కలయిక తర్వాత రక్తం కనిపిస్తే మాత్రమీదో కాపర్ టీమీదో నెట్టి ఊరుకోకండి. గర్భాశయ ముఖద్వారం పరీక్ష చేయించుకోండి.