పానగల్ కట్ట మీద మరమరాలు

దేవరకొండలో పొద్దున్నే బస్సెక్కింది ఛాయా సోమేశ్వరుడి గుడి కోసం. పగలంతా ఒకేచోట పడుతుందని చెప్పే ఆ నీడను చూశాను, గర్భగుడిలో కదలకుండా నిలబడే ఉంది. నల్లగొండ బస్టాండ్ నుంచి ఆ కాస్త దూరానికి ఆటోకు 150 తీసుకున్నాడు, అది మాత్రం ఇంకా మంటగానే ఉంది.

సాయంత్రం అక్కడే పానగల్‌లో ఉన్న ఉదయ సముద్రం చెరువు కట్ట ఎక్కాను. ఒడ్డు వెంట బొల్లికోళ్లు, బుడుబుంగలు, నీటికాకులు, ఎవరో వదిలేసిన నాలుగు తెల్లబాతులు. ఒక కుటుంబం ఆ బాతులకు మరమరాలు, బ్రెడ్డు గుప్పిళ్లతో చల్లుతోంది. నేనూ బిస్కెట్ ప్యాకెట్ తీశాను. వల సర్దుకుంటున్న ముసలాయన "వద్దు బిడ్డా" అన్నాడు.

"ఎందుకు పెద్దయ్యా, పాపం ఆకలి కదా?"

"పిట్ట ఈ నీళ్లల్ల తిన్నది ఈ నీళ్లల్లనే రెట్టేస్తది, అది పాత లెక్కనే. నువ్వేసేది బయటికెల్లి వచ్చె."

ఆ మాటతో మా ఊరి కుంట కళ్లముందుకొచ్చింది. నా చిన్నప్పుడు కోతలయ్యాక బాతుల మందలు తోలుకొచ్చేవాళ్లు. పగలంతా పొలాల్లో రాలిన గింజలు తిని, రాత్రికి కుంటలో పడేవి. ఒక ఎండాకాలం నీళ్లు చిక్కటి ఆకుపచ్చగా మారి, తెల్లవారేసరికి చేపలు నోళ్లు తెరుచుకుని పైకి తేలాయి. ఎవరో మందు కలిపారని ఊళ్లో పెద్ద పంచాయితీ అయింది. మందూ లేదు మాకూ లేదు. పొలంలో తిన్నదంతా రెట్టల్లో నత్రజని, భాస్వరంగా మారి కుంటలో చేరింది, దాంతో పాచి పెరిగింది, రాత్రిపూట ఆ పాచే నీళ్లలోని ఆక్సిజన్ పీల్చేసింది. ఇది నాకు చాలా ఏళ్లకు తెలిసింది. ఇక్కడి పిట్టలు ఇక్కడి నాచు, నత్తలు, పురుగులు, చేపలే తింటాయి కాబట్టి చెరువుకు కొత్త బరువు పెద్దగా పడదు.

ఉదయ సముద్రం 1.5 టీఎంసీల చెరువు, పైగా అక్కంపల్లి జలాశయం నుంచి కృష్ణా నీళ్లు వస్తూనే ఉంటాయి, నాలుగు మరమరాలకు పాడవదని నాకూ తెలుసు. కానీ ఫ్లోరైడ్‌తో నడుములు వంగిపోయిన జిల్లా ఇది, ఈ నీళ్లు నల్లగొండ తాగే నీళ్లు. చూస్తూ ఊరుకోబుద్ధి కాలేదు. వెళ్లి చెప్పాను. తండ్రి మొహం ముడుచుకున్నాడు.

చిన్నపాప మాత్రం "మరి ఇవి ఏం తింటయి అంకుల్?" అంది.

అప్పుడే ఒక బుడుబుంగ మునిగింది. చూడమని వేలు చూపించాను. చాలాసేపటికి, మేం చూస్తున్న చోట కాకుండా ఇంకెక్కడో తేలింది, ముక్కున చిన్న చేపతో.