శేషాన్ని ఇచ్చే గుర్తు

మా మేనకోడలు ఇంటర్ పరీక్షలయ్యాక పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష నేర్చుకోవడం మొదలుపెట్టింది. కూడికలూ తీసివేతలూ చిన్ననాటి లెక్కలే కాబట్టి ఆపరేటర్ల (లెక్కలు చేసే గుర్తుల) పాఠాన్ని ఒక్క పూటలో ముగించి, సినిమా నిడివిని నిమిషాల నుంచి గంటల్లోకి మార్చే చిన్న ప్రోగ్రామ్ రాసి నాకు చూపించింది. 135ను 60తో భాగిస్తే తెరమీద 2.25 వచ్చింది. దానిని ఆమె రెండు గంటల ఇరవై అయిదు నిమిషాలని చదివింది. పాయింటు తరువాత ఉన్నది నిమిషాలు కాదనీ, అది గంటలో పావు వంతు అనీ చెప్పాను. "అయితే ఆ పదిహేను నిమిషాలు ఎలా రాబట్టాలి మామయ్యా?" అని అడిగింది.

బడిలో భాగహారం చేసినప్పుడు మనం భాగఫలం, శేషం అని రెండు జవాబులు రాసేవాళ్లం. పైథాన్‌లో ఆ రెండింటికీ వేర్వేరు ఆపరేటర్లు ఉన్నాయి. ఒక వాలు గీత (/) దశాంశాలతో సహా ఫలితాన్ని ఇస్తే, రెండు వాలు గీతలు (//) భాగఫలాన్నీ, శాతం గుర్తు (%) శేషాన్నీ ఇస్తాయి. 135 // 60 విలువ 2, 135 % 60 విలువ 15. ఇక్కడ ఆ గుర్తుకూ శాతాలకూ ఏ సంబంధమూ లేదు. పాత పాఠాలు చదివేవారు ఇంకొకటి గమనించాలి: పైథాన్ 2లో 7 / 2 అంటే 3 వచ్చేది, 2008లో విడుదలైన పైథాన్ 3 నుంచి 3.5 వస్తుంది.

ఆపరేటర్లన్నింటిలోనూ నాకు శేషం మీదే మక్కువ ఎక్కువ. సరి బేసి సంఖ్యలను తేల్చాలన్నా, వారాలు లెక్కించాలన్నా అదే ఆధారం. ఆదివారాన్ని 0 అనీ శనివారాన్ని 6 అనీ అనుకుంటే మంగళవారం 2 అవుతుంది. ఈరోజు మంగళవారమైతే పది రోజుల క్రితం ఏ వారమో తెలియడానికి 2 నుంచి 10 తీసివేయాలి. వచ్చిన -8ను 7తో భాగించి శేషం చూడాలి. పైథాన్ 6 అని, అంటే శనివారమని సరిగ్గా చెబుతుంది. ఇదే లెక్క సీ, జావా భాషల్లో చేస్తే -1 వస్తుంది.

రెండూ తప్పు కావు. పైథాన్ భాగఫలాన్ని కిందివైపు పూర్ణాంకానికి, అంటే -2కు దించుతుంది. సీ, జావాలు సున్నా వైపు జరిపి -1 దగ్గర ఆపుతాయి. భాజకాన్ని భాగఫలంతో గుణించి శేషం కలిపితే రెండు పద్ధతుల్లోనూ -8 వస్తుంది. అయితే -1 అనే వారం లేదు కాబట్టి సీ, జావాలలో వచ్చిన శేషానికి 7 కలిపి, మళ్లీ 7తో శేషం తీస్తారు.

మా మేనకోడలు ఇదంతా విని, కాగితం మీద -8ని రెండు విధాలుగానూ భాగించి చూసుకుంది. ఆ తరువాత గోడమీది క్యాలెండర్ దగ్గరకు వెళ్లి, మంగళవారం మీద వేలు పెట్టి పది గళ్లు వెనక్కి లెక్కపెట్టింది. వేలు శనివారం దగ్గరే ఆగింది.