నార్త్ బక్స్టన్: వాయిదాల్లో కొనుక్కున్న నేల

టొరంటో నుంచి 401 హైవే మీద పడమరకు చాతమ్ దాకా మూడు గంటల పైన ప్రయాణం. అక్కడి నుంచి పల్లెదారిలో దక్షిణంగా వెళ్తే నార్త్ బక్స్టన్, బానిసత్వం నుంచి బయటపడ్డ నల్లజాతి కుటుంబాలు స్థిరపడ్డ ఊరు. చాతమ్ దాకా రైలుంది, తర్వాత టాక్సీయే గతి. మ్యాప్‌లో ఒట్టి ‘బక్స్టన్’ అని కొడితే సౌత్ బక్స్టన్‌కు పోయే ప్రమాదముంది; ‘ఏ.డి. షాడ్ రోడ్’ అని కూడా కొట్టండి. చలికాలంలో ఆ చరిత్ర చెప్పే ఇక్కడి మ్యూజియం వేళలు మారతాయి కాబట్టి ముందే ఫోన్ చేయాలి. భోజనం చాతమ్‌లోనే ముగించుకోవడం మంచిది.

1849లో విలియం కింగ్ అనే పాస్టర్, భార్య తరఫున సంక్రమించినవాళ్లనీ తాను కొన్నవాళ్లనీ కలిపి 15 మంది బానిసలకు విముక్తినిచ్చి ఇక్కడికి తీసుకొచ్చారు. మొత్తం 9,000 ఎకరాలు, అప్పటికి దట్టమైన అడవి. అమెరికా నుంచి తప్పించుకొచ్చిన కుటుంబాలు కూడా ఇక్కడే స్థిరపడ్డాయి. ఎవరికీ భూమి ఊరికే ఇవ్వలేదు. కుటుంబానికి 50 ఎకరాలు, ఎకరం రెండున్నర డాలర్లు, అంటే 125 డాలర్లు, పదేళ్ల వాయిదాలు.

మ్యూజియం ఆవరణలోని దుంగల ఇంటి ముందు మేం చాలాసేపు నిలబడ్డాం. ఇల్లు కనీసం 24 అడుగుల పొడవు, 18 వెడల్పు, 12 ఎత్తు, నాలుగు గదులు ఉండాలని అప్పటి నిబంధన. రోడ్డుకు 33 అడుగులు వెనక్కి కట్టాలి, ముందు కంచె, పూలమొక్కలు ఉండాలి. నల్లవాళ్లొస్తే భూముల ధర పడిపోతుందని చాతమ్ రాజకీయ నాయకుడు ఎడ్విన్ లార్విల్ లాంటివాళ్లు గట్టిగా అడ్డుపడ్డారు. అడుగడుగూ కొలిచి కట్టిన ఈ ఇళ్లను చూస్తే అంతకు మించిన జవాబు ఉండదనిపిస్తుంది. అడవి నరకడం ఒక ఎత్తయితే, నీరు నిలిచే బంకమట్టిలో కాలువలు తవ్వడం మరో ఎత్తు. ఇప్పటికీ రోడ్డు వారగా లోతైన కాలువలున్నాయి, బండి మరీ అంచుకు ఆపకండి.

పక్కనే 1861 నాటి బడి. కింగ్ తొలుత పెట్టిన మిషన్ బడిలో లాటిన్, గ్రీకు కూడా చెప్పేవారు. చదువు బాగుందని తెల్లవాళ్లూ పిల్లల్ని అక్కడికే పంపారు. కెనడాలో పుట్టి డాక్టరైన తొలి నల్లజాతీయుడు ఆండర్సన్ రఫిన్ అబ్బాట్ చదివింది ఆ మిషన్ బడిలోనే.

1850లో పిట్స్‌బర్గ్ నల్లజాతివారు పంపిన గంటను చూడాలంటే మాత్రం సౌత్ బక్స్టన్ చర్చికి వెళ్లాలి. మ్యూజియం దగ్గరున్నది నకలు. సెప్టెంబరు మొదట్లో, లేబర్ డే సెలవుల్లో, ఆ కుటుంబాల వారసులు ఎక్కడెక్కడి నుంచో ఇక్కడ కలుస్తారు. వాళ్లతో మాట్లాడాలనుకుంటే అప్పుడు వెళ్లండి. పాత వస్తువులు, పత్రాలు తీరిగ్గా చూడాలంటే మామూలు రోజే నయం.