ఎనభై అయిదు వేల గేర్‌బాక్స్, ఒక రబ్బరు పైపు

నిన్ననే బండి ఇంటికొచ్చింది. కోపం చల్లారకముందే రాసేస్తున్నాను.

మాది ఒడిశాలోని కోరాపుట్. బండి 2011 మోడల్ ఆటోమేటిక్, నాలుగు గేర్లది, టార్క్ కన్వర్టర్ రకం, అంటే క్లచ్‌కి బదులు ఆయిల్ ద్వారా ఇంజిన్ శక్తి గేర్‌బాక్స్‌కి అందేది. పోయిన నెల విజయనగరంలో పెళ్లి చూసుకుని వస్తుంటే సాలూరు ఘాట్‌లో మొదలైంది. ఎత్తు మలుపులో యాక్సిలరేటర్ తొక్కితే ఇంజిన్ వేగం చూపే ఆర్‌పీఎం ముల్లు నాలుగు వేలు దాటింది, బండి మాత్రం కదలదు. ఆపి మళ్లీ డీలో, అంటే డ్రైవ్ గేర్లో వేస్తే మూడు నాలుగు సెకన్లు ఏమీ లేదు, ఆ తర్వాత ఎవరో వెనక నుంచి తన్నినట్టు ఒక కుదుపు. మా అత్తగారు ఆంజనేయ దండకం అందుకున్నారు. ఒక జీపతను తాడు కట్టి లాగుతానన్నాడు, వద్దన్నాను. ముందు చక్రాలతో నడిచే ఆటోమేటిక్‌ని ఆ చక్రాలు నేల మీదుండగా లాగిస్తే లోపల ఆయిల్ తిరగదు, బాగున్న గేర్‌బాక్స్ కూడా పోతుంది. అరగంట చల్లారనిచ్చి, పాకించుకుంటూ సుంకి దాటాం.

మా ఊరి మెకానిక్ డిప్‌స్టిక్, అదే గేర్‌బాక్స్ ఆయిల్ మట్టం చూసే కర్ర, తీసి చూసి "తెల ఠిక్ అఛి" అన్నాడు. ఆయిల్ బాగానే ఉందట. విశాఖ తీసుకెళ్లమన్నాడు.

విశాఖలో పెద్ద అద్దాల వర్క్‌షాప్. పేరు రాయను. ట్యాబ్ పట్టుకున్న కుర్రాడు ఓఆర్ 10 నంబరు ప్లేటు చూసి "ఒడిశా నుంచా సార్? తెలుగు బాగానే మాట్లాడుతున్నారే" అన్నాడు. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా చదువుకున్నవాణ్ణి. కోరాపుట్‌లో నన్ను తెలుగువాడంటారు, ఇక్కడికొస్తే ఒడిశావాణ్ణి. సరే, ఇది అలవాటే. తప్పుల కోడ్ చదివే స్కానర్ పెడితే పీ0700 అని వచ్చింది. అంతే, అతను నన్ను వదిలేసి మా బావమరిది వైపు తిరిగాడు. "గేర్‌బాక్స్ పోయింది సార్. ఓవర్‌హాల్‌కి 85,000 అవుతుంది. కొండల్లో బ్రేకు ఒక కాలితో, యాక్సిలరేటర్ ఇంకో కాలితో నడిపి ఉంటారు. అక్కడివాళ్లకి ఆటోమేటిక్ తెలీదు కదా." పదమూడేళ్లు నడిపిన బండి ముందు నన్ను నిలబెట్టి! బావమరిది నేల చూపులు చూశాడు. డిప్‌స్టిక్ తీశారా అనడిగాను. "అక్కర్లేదు సార్, కోడ్ వచ్చేసిందిగా" అన్నాడు.

తర్వాత తెలిసింది, పీ0700 అంటే 'నా దగ్గర ఏదో తప్పు నమోదైంది' అని గేర్‌బాక్స్ కంప్యూటర్ ఇంజిన్ కంప్యూటర్‌కి చెప్పడం మాత్రమే. అసలు కోడ్ గేర్‌బాక్స్ కంప్యూటర్‌లో ఉంటుంది, దాన్ని చదవగలిగే స్కానర్ కావాలి. తలుపు కొట్టిన చప్పుడు విని ఇల్లు కాలిపోయిందన్నట్టుంది అతని వరస. చెకింగ్‌కి వెయ్యి రూపాయలు మాత్రం లెక్కగా పుచ్చుకున్నారు.

తిరుగు దారిలో ఘాట్ ఎక్కే ధైర్యం లేక సాలూరులో ఆగాను. సాలూరంటే లారీల ఊరు, మెకానిక్‌లకు కొదవేముంది. అక్కడొక పెద్దాయన మస్కట్‌లో పన్నెండేళ్లు ఆటోమేటిక్ బళ్ల పని చేసొచ్చాడు. కథంతా విని ఒకటే అడిగాడు: "ఏటి బాబూ, మీ ఊళ్లో ఆయిలు ఇంజిన్ ఆపేసి చూసీసినారా?"

అదీ సంగతి. ఇంజిన్ ఆపితే టార్క్ కన్వర్టర్‌లోని ఆయిల్ కిందికి దిగి, మట్టం ఎక్కువ చూపిస్తుంది. బండి నడిచి వేడిగానే ఉంది. సమంగా ఉన్నచోట పెట్టించి, ఇంజిన్ ఆన్‌లోనే ఉంచి, కాలు బ్రేకు మీదే ఉంచమని లివర్ అన్ని గేర్లలోకీ ఒక్కోసారి తిప్పించి, న్యూట్రల్‌కి తెచ్చాడు. న్యూట్రలా పార్కా అన్నది బండిని బట్టి ఉంటుంది, మాన్యువల్ చూసుకోండి. కర్ర తుడిచి ముంచి తీస్తే 'హాట్' గీత దాకా ఎక్కడ, కొసకి ఒక్క చుక్క వేలాడుతోంది! ఆ చుక్కని పాత శుభలేఖ వెనక్కి రాల్చాడు. గోధుమరంగు బొట్టు చుట్టూ లేత ఎరుపు అంచు పాకింది. వాసన చూశాడు, వేళ్ల మధ్య రుద్దాడు. "మాడ్లేదు, రజను లేదు. బతికిపోనారు."

బండి కింద దూరి చూస్తే, రేడియేటర్ వైపు వెళ్లే ఆయిల్ కూలర్ పైపు క్లాంపు దగ్గర పగిలి, దుమ్ముతో కలిసి నల్లగా పేరుకుని ఉంది. ఉన్న కాస్త ఆయిల్ ఎత్తులో వెనక్కి జారితే పంపు గాలి పీల్చేదట, అందుకే గేరు పట్టలేదు. రెండు పైపులూ మార్చి, మాన్యువల్‌లో రాసిన గ్రేడు ఆయిలే తెప్పించి, కొంచెం కొంచెంగా పోస్తూ ప్రతిసారీ కర్ర చూశాడు. ఎక్కువైనా నురగొచ్చి ఇదే రోగం వస్తుందట. షాపువాడు "ఏదైనా ఒకటే" అని అంటగట్టబోయిన వేరే ఆయిల్ నేను తీసుకోలేదు. మొత్తం 4,600.

ఇప్పుడు మా వీధిలో రెండు ఆటోమేటిక్ బళ్లకి ఆయిల్ చూసేది నేనే, చెప్పుకోకూడదు గానీ.

రాత్రి బండి కింద అట్టముక్క పరిచాను. పొద్దున్న చూస్తే మరక లేదు.