దొడ్డిదారి మూసే ముందు

జావా ప్రోగ్రామింగ్ భాష 24వ వెర్షన్‌కు మారే పనిలో భాగంగా మా అప్లికేషన్‌ను పరీక్షా సర్వర్‌పై మొదటిసారి నడిపినప్పుడు, లాగ్ ఆరంభంలోనే ఒక హెచ్చరిక కనిపించింది. జావా రక్షణలను దాటి మెమరీని నేరుగా తాకనిచ్చే సన్.మిస్క్.అన్‌సేఫ్ అనే క్లాసులోని, తొలగించాలని ఇప్పటికే నిర్ణయించిన మెథడ్ ఒకటి వాడుకలో ఉందని, దాన్ని పిలిచిన క్లాసు ఏదో, ఆ క్లాసు ఏ జార్ ఫైలులో (కోడ్ మూటలో) ఉందో చెబుతూ, సంబంధిత లైబ్రరీని నిర్వహించేవారికి తెలియజేయమని ఆ వరుసలు కోరాయి. మా బృందంలో ఎవరూ ఆ క్లాసును నేరుగా వాడలేదు. మేము ఆధారపడిన లైబ్రరీ మరొక లైబ్రరీపై ఆధారపడింది, అది దీన్ని పిలుస్తోంది. ఈ తొలగింపు న్యాయమైనదేనని నేను నమ్ముతాను. అయితే దాన్ని న్యాయమైనదిగా నిలబెట్టేది అది జరుగుతున్న వరస. అందుకే ఆ వరసను కొంత వివరంగా రాయాలనిపించింది.

అన్‌సేఫ్ 2002లో జావా అధికారిక కిట్ అయిన జేడీకే సొంత అవసరాల కోసం పుట్టిన క్లాసు. బయటి కోడ్ దాన్ని అందుకోకుండా పిలిచినవారి క్లాస్‌లోడర్‌ను, అంటే ఆ క్లాసును మెమరీలోకి తెచ్చిన భాగాన్ని, తనిఖీ చేసే ఏర్పాటు కూడా అందులో ఉంది. కానీ దానిలోని ఒక ప్రైవేటు ఫీల్డును నడుస్తున్న కోడ్ క్లాసుల లోపలికి తొంగిచూసే రిఫ్లెక్షన్ అనే పద్ధతి ద్వారా చదివితే ఆ తనిఖీని తప్పించుకోవచ్చన్న సంగతి లైబ్రరీలు రాసేవారందరికీ త్వరలోనే తెలిసిపోయింది. ఆ దొడ్డిదారిన వెళ్లినవారిని నేను తప్పుపట్టను. జావా తానే నిర్వహించే హీప్ అనే మెమరీకి వెలుపల మెమరీ కావాలంటే అప్పట్లో ఉన్న అధికారిక మార్గం బైట్‌బఫర్ ఒక్కటే; ఒక్కో బఫర్ 2 జీబీకి మించి పెరగదు, దాన్ని ఎప్పుడు విడుదల చేయాలో చెప్పే అధికారం మన చేతిలో ఉండదు. నెట్టీ, గ్వావా వంటి విస్తృతంగా వాడే లైబ్రరీలు సైతం అన్‌సేఫ్‌ను ఆశ్రయించాయంటే, వాటికి కావలసిన రాజమార్గం అప్పటికి లేకపోవడమే కారణం.

రాజమార్గం వేయకుండా దొడ్డిదారి మూసి ఉంటే అది అన్యాయమయ్యేది. 2014లో వచ్చిన జేడీకే 8లో డేటాను అక్షరాలుగా మార్చే బేస్64 పద్ధతి కోసం అధికారిక క్లాసు వచ్చింది, అంతర్గత క్లాసులను ఎక్కడెక్కడ వాడుతున్నామో వెతికిపెట్టే జేడెప్స్ అనే సాధనమూ వచ్చింది. ఆ తరువాతే, 2017 నాటి జేడీకే 9లో, అన్‌సేఫ్ లాగే అంతర్గతమైన పాత సన్.మిస్క్ బేస్64 క్లాసులు పోయాయి. అదే విడుదలలో కోడ్‌ను విడి విభాగాలుగా చేసే మాడ్యూల్ వ్యవస్థ వచ్చి అంతర్గత ప్యాకేజీల చుట్టూ గోడ కట్టినా, అన్‌సేఫ్‌ను మాత్రం జేడీకే.అన్‌సపోర్టెడ్ అనే మాడ్యూల్‌లో ఉంచి బయటికి అందుబాటులోనే వదిలారు, ఎందుకంటే దాని పనులన్నిటికీ ప్రత్యామ్నాయం అప్పటికి సిద్ధం కాలేదు. ఆ పేరే ఒక నిజాయితీ గల ప్రకటన అని నాకు అనిపిస్తుంది: ఇది ఉంది, కానీ దీనికి ఎవరి హామీ లేదు. హీప్‌లోని ఫీల్డులను అందుకునే అధికారిక మార్గమైన వార్‌హ్యాండిల్ జేడీకే 9లోనే వచ్చింది. హీప్ వెలుపలి మెమరీకి పూర్తి స్థాయి ఏపీఐ (ప్రోగ్రాములు పిలవగల అధికారిక మార్గం) 2024 మార్చిలో జేడీకే 22తో స్థిరపడింది. అదే ఏడాది సెప్టెంబరులో జేడీకే 23 అన్‌సేఫ్‌లోని మెమరీ మెథడ్‌లను తొలగింపు జాబితాలో చేర్చింది. 2025 మార్చి నాటి జేడీకే 24 వాటిని వాడితే నడుస్తున్న ప్రోగ్రాములోనే హెచ్చరించడం మొదలుపెట్టింది.

ఇంత నిదానంగా సాగినా నేను దెబ్బ తిన్నాను. కొన్నేళ్ల క్రితం ఒక సంస్థలో జావా 8 నుంచి 11కు మారినప్పుడు, జావా నియమాలకు విరుద్ధమైన రిఫ్లెక్షన్ జరిగిందన్న హెచ్చరిక ఒకే ఒక్కటి కనిపించింది. ఒక్కటే కదా అని పక్కన పెట్టాము. ఆ విడుదలల్లో మనం ఏ ఆప్షనూ మార్చకపోతే మొదటి ఉల్లంఘనకు మాత్రమే హెచ్చరిక వస్తుందని, తరువాతివన్నీ నిశ్శబ్దంగా సాగిపోతాయని, ప్రతి ఒక్కటీ కాల్ స్టాక్‌తో (ఏది దేన్ని పిలిచిందన్న జాబితాతో) సహా చూడాలంటే ఇల్లీగల్-యాక్సెస్ ఆప్షన్‌ను డీబగ్ విలువతో నడపాలని మాకు ఆలస్యంగా తెలిసింది. జేడెప్స్ నివేదిక కూడా శుభ్రంగానే ఉంది, కానీ అది కంపైలైన క్లాసులను మాత్రమే చదువుతుంది. స్ట్రింగ్‌గా రాసుకున్న పేరుతో రిఫ్లెక్షన్ చేసే కోడ్ దాని కంటికి ఆనదు. జావా 17లో, హెచ్చరికతో సరిపెట్టే ఆ సడలింపు పూర్తిగా పోయాక మా అప్లికేషన్ మొదలుకాకుండానే ఆగిపోయింది. ఒకటి సరిచేస్తే మరొకటి బయటపడుతూ ఆ పని వారాల తరబడి సాగింది.

అయినా ఈ క్లాసును అలాగే ఉంచితే నష్టమేమిటని అడిగేవారికి నా దగ్గర స్పష్టమైన సమాధానం ఉంది. అన్‌సేఫ్‌కు తప్పుడు మెమరీ చిరునామా ఇస్తే ఎక్సెప్షన్ (కోడ్ పట్టుకోగల దోష సూచన) రాదు, జావా ప్రోగ్రాములను నడిపే జేవీఎం మొత్తం కూలిపోవచ్చు; అంతకంటే ఘోరంగా, కూలకుండా మెమరీలో వేరేచోట ఉన్న డేటా చెడిపోవచ్చు, అలాంటి లోపాన్ని వెతకడం ఎంత కష్టమో ఒకసారి అనుభవించినవారికే తెలుస్తుంది. దాన్ని ఎన్నడూ వాడనివారు కూడా మూల్యం చెల్లిస్తూనే ఉన్నారు. ఫైనల్ అని రాసిన ఫీల్డును కూడా ఎవరో దొడ్డిదారిన మార్చే అవకాశం ఉన్నంతకాలం, ఆ విలువ మారదన్న భరోసాతో కంపైలర్ చేయగలిగే మెరుగుదలలు చాలావరకు ఆగిపోతాయి.

అందువల్ల ఇప్పుడు మేము హెచ్చరిక స్థాయిలో ఆగడం లేదు. పరీక్షలన్నిటినీ అన్‌సేఫ్ మెమరీ యాక్సెస్‌ను నిరాకరించే ఆప్షన్‌తో నడుపుతున్నాము, తద్వారా రేపటి వైఫల్యం ఈరోజే మా కంటపడుతోంది. స్టార్టప్ స్క్రిప్టులో, అంతర్గత ప్యాకేజీల గోడకు ప్రత్యేక అనుమతితో ద్వారం తెరిచే యాడ్-ఓపెన్స్ వరుసల్లో ప్రతి ఒక్కదాని పక్కన అది ఏ లైబ్రరీ కోసం, ఏ వెర్షన్ వరకు అవసరమో వ్యాఖ్యగా రాయాలని నియమం పెట్టుకున్నాము; ఎందుకు పెట్టారో ఎవరికీ గుర్తులేని వరుసను తీసేయడానికి ఎవరికీ ధైర్యం చాలదు. ఆ పని చేస్తున్నప్పుడే, మొదట హెచ్చరికలో కనిపించిన లైబ్రరీ కొత్త వెర్షన్‌లో అన్‌సేఫ్‌ను ఇప్పటికే వదిలేసిందని, మధ్యలో ఉన్న లైబ్రరీ పాత వెర్షన్‌ను పట్టుకుని ఉండటమే సమస్య అని తేలింది. బిల్డ్ ఫైలులో వెర్షన్‌ను మేమే నిర్దేశించి పరీక్షలు నడిపాము, అన్నీ నెగ్గాయి. ఆ మధ్య లైబ్రరీ నిర్వాహకులకు మా మార్పును పంపాము. స్క్రిప్టులో ఇంకా ఒక్క యాడ్-ఓపెన్స్ వరుస మిగిలి ఉంది. అది నిర్వహించేవారే లేని పాత సీరియలైజేషన్ (డేటాను దాచడానికి, పంపడానికి అనువైన రూపంలోకి మార్చే) లైబ్రరీది. దాని స్థానంలో మరొకదాన్ని పెట్టే పని ఈ నెలలో మొదలుపెట్టాము.