అప్‌డేట్ తర్వాత బ్లూ స్క్రీనా? ఫార్మాట్ కొట్టే ముందు యాంటీవైరస్ సంగతి చూడండి

విండోస్ అప్‌డేట్ అవుతుంది, రీస్టార్ట్ అవుతుంది, బ్లూ స్క్రీన్. మళ్లీ రీస్టార్ట్, మళ్లీ అదే. షాపుకి తీసుకెళ్తే ముందు వినపడే మాట "ఫార్మాట్ కొట్టేద్దాం సార్". దయచేసి వెంటనే సరే అనకండి. నా దగ్గరికి వచ్చిన ఇలాంటి సిస్టమ్‌లలో చాలావాటికి డిస్క్ బాగానే ఉంది, విండోస్ కూడా బాగానే ఉంది, గొడవంతా యాంటీవైరస్ డ్రైవర్‌తోనే (అంటే విండోస్‌ లోపలికి వెళ్లి పనిచేసే దాని ఫైల్‌తో).

యాంటీవైరస్ మామూలు ప్రోగ్రామ్ కాదు. వర్డ్ క్రాష్ అయితే వర్డ్ ఒక్కటే మూసుకుపోతుంది. యాంటీవైరస్ ప్రతి ఫైల్‌నీ తెరుచుకోకముందే చూడాలి కాబట్టి తన డ్రైవర్లని విండోస్ గుండెకాయ లాంటి కెర్నెల్‌లోనే నడుపుతుంది, అక్కడ తేడా వస్తే విండోస్ మొత్తం సిస్టమ్‌నే ఆపేస్తుంది. పైగా కొన్ని యాంటీవైరస్‌లు మైక్రోసాఫ్ట్ అనుమతించని పద్ధతుల్లో కెర్నెల్ మెమరీని ముట్టుకునేవి. 2018 జనవరిలో మెల్ట్‌డౌన్, స్పెక్టర్ అనే ప్రాసెసర్ లోపాలకి ప్యాచ్‌లు వచ్చినప్పుడు అదే కొంప ముంచింది. దాంతో, యాంటీవైరస్ కంపెనీ తన సాఫ్ట్‌వేర్ సరిపోతుందని చెప్తూ రిజిస్ట్రీలో (విండోస్ తన సెట్టింగ్స్ దాచుకునే చోటు) ఒక కీ, అంటే గుర్తు, పెట్టిన సిస్టమ్‌లకే ఆ అప్‌డేట్ ఇస్తామని మైక్రోసాఫ్ట్ చెప్పాల్సి వచ్చింది. 2019 ఏప్రిల్ 9 అప్‌డేట్ల తర్వాత సోఫోస్, అవాస్ట్, అవీరా ఉన్న చాలా విండోస్ 7, 8.1 మెషీన్లు బూట్ దగ్గరే బిగుసుకుపోయాయి.

2024 జులై 19 అయితే అందరికీ గుర్తే. అప్పుడు విండోస్ మారలేదు, క్రౌడ్‌స్ట్రైక్ అనే సెక్యూరిటీ కంపెనీ తన సాఫ్ట్‌వేర్‌కి పంపిన కంటెంట్ ఫైల్ మారింది. అందులోని కొత్త రూలు 21వ విలువ కోసం చూసింది, ఇచ్చినవి 20, లేని చోట చదవబోయి కెర్నెల్ కూలింది. మన టైం ప్రకారం ఉదయం 9:39కి వెళ్లిన ఫైల్‌ని 10:57కే ఆపేశారు, అయినా ప్రపంచవ్యాప్తంగా దాదాపు 85 లక్షల మెషీన్లు పడిపోయాయి, హైదరాబాద్ ఎయిర్‌పోర్ట్‌లో ఇండిగో వాళ్లు బోర్డింగ్ పాస్‌లు చేత్తో రాసిచ్చారు.

ఇక పనిలోకి వద్దాం. మా బాబాయికి ఫొటో స్టూడియో ఉంది, పెళ్లిళ్ల సీజన్‌లో అప్‌డేట్ తర్వాత ఆయన సిస్టమ్ ఇలాగే పడింది. "ఒరేయ్, పెళ్లి ఫొటోలన్నీ డెస్క్‌టాప్ మీదే ఉన్నాయిరా, ఫార్మాట్ అంటున్నారు" అని ఒకటే టెన్షన్. "బాబాయ్, కంగారు పడకు, ఎవర్నీ ముట్టుకోనివ్వకు" అని చెప్పి వెళ్లాను.

విండోస్ లోడ్ అయ్యేటప్పుడు పవర్ బటన్ నొక్కి పట్టుకుని ఆపేయండి, ఇలా రెండు మూడు సార్లు చేస్తే రిపేర్ స్క్రీన్ అదే వస్తుంది. ట్రబుల్‌షూట్, అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్, స్టార్టప్ సెట్టింగ్స్, రీస్టార్ట్, తర్వాత 4 నొక్కితే సేఫ్ మోడ్, అంటే అత్యవసరమైనవి మాత్రమే లోడ్ అయ్యే విండోస్. ఇక్కడ బిట్‌లాకర్ (డిస్క్‌కి విండోస్ వేసే తాళం) 48 అంకెల రికవరీ కీ అడగొచ్చు. చాలామంది ఇక్కడే ఆగిపోయి ఫార్మాట్‌కి ఒప్పుకుంటారు. మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ అయిన ల్యాప్‌టాప్ అయితే కీ సాధారణంగా ఆ అకౌంట్‌లోనే ఉంటుంది, ఫోన్‌లో బ్రౌజర్ తెరిచి చూసుకోవచ్చు.

సేఫ్ మోడ్‌లో నిలబడిందంటే అనుమానం బయటి డ్రైవర్ల మీదకి పోతుంది, ఎందుకంటే అక్కడ అవి చాలావరకు లోడ్ అవ్వవు. ముందు ఫైల్స్ ఎక్స్‌టర్నల్ డిస్క్‌లోకి కాపీ చేసుకోండి, మిగతావన్నీ తర్వాత. ఆ పైన సి డ్రైవ్‌లో విండోస్ ఫోల్డర్‌లోని మినీడంప్‌ని (క్రాష్‌ల రికార్డు ఉండే ఫోల్డర్) బ్లూస్క్రీన్‌వ్యూ అనే చిన్న ఫ్రీ టూల్‌తో తెరవండి. "కాజ్డ్ బై డ్రైవర్" కాలమ్‌లో విండోస్ సొంత కెర్నెల్ ఫైల్ అయిన ఎన్‌టీఓఎస్ కెర్నెల్ పేరు కనపడితే విండోసే పోయిందని తేల్చేయకండి, క్రాష్ బయటపడింది అక్కడ అంతే, చేసింది వేరే వాళ్లు కావచ్చు. బాబాయి సిస్టమ్‌లోనూ పైన ఆ పేరే ఉంది, కింద లిస్టులో మాత్రం ప్రతి క్రాష్‌లోనూ తెలియని ఇంకో డ్రైవర్ కనిపించింది. ఆ ఫైల్ ప్రాపర్టీస్‌లో డీటెయిల్స్ చూస్తే ఆయన వాడే యాంటీవైరస్ కంపెనీ పేరు.

అలాగని ఆ డ్రైవర్ ఫైల్‌ని చేత్తో డిలీట్ చేయకండి. రిజిస్ట్రీలో దాని ఎంట్రీ అలాగే ఉండిపోతే కొన్నిసార్లు అసలు బూటే అవ్వదు. క్రౌడ్‌స్ట్రైక్‌కి డిలీట్ చేయమన్నారు కదా అంటారేమో, ఆ ఫైల్ పేరు డ్రైవర్‌లా ఉన్నా నిజానికి డ్రైవర్ కాదు, డేటా ఫైల్. కంట్రోల్ ప్యానెల్‌లో అన్‌ఇన్‌స్టాల్ కూడా సేఫ్ మోడ్‌లో తరచుగా మొరాయిస్తుంది, విండోస్ ఇన్‌స్టాలర్ సర్వీస్ అక్కడ మామూలుగా నడవదు. అందుకే యాంటీవైరస్ కంపెనీలు విడిగా రిమూవల్ టూల్ ఇస్తాయి, వాళ్ల సైట్ నుంచే వేరే సిస్టమ్‌లో డౌన్‌లోడ్ చేసి పెన్‌డ్రైవ్‌లో తెచ్చుకోండి. నేను చేసింది అదే, రీస్టార్ట్ చేస్తే మామూలుగా లేచింది, పెళ్లి ఫొటోలన్నీ భద్రం.

యాంటీవైరస్ తీసేస్తే ఖాళీగా ఉండిపోతామని భయం వద్దు, విండోస్‌తో పాటే వచ్చే యాంటీవైరస్ డిఫెండర్ దానంతట అదే ఆన్ అవుతుంది. ఒక్కసారి విండోస్ సెక్యూరిటీలో చూసి నిర్ధారించుకోండి. పాతదే కావాలంటే కొత్త వెర్షన్ వేయండి, రెండు యాంటీవైరస్‌లు మాత్రం కలిపి ఉంచకండి. అప్‌డేట్‌నే తీసేయడం నాకు నచ్చని దారి, పని ఆగిపోయి గత్యంతరం లేకపోతే రిపేర్ స్క్రీన్‌లోని అన్‌ఇన్‌స్టాల్ అప్‌డేట్స్ వాడి, ఫిక్స్ రాగానే మళ్లీ వేసేయండి.

సేఫ్ మోడ్‌లో కూడా బ్లూ స్క్రీన్ ఆగకపోతే ఎక్కువగా ర్యామ్‌నో ఎస్‌ఎస్‌డీనో అనుమానించాలి. అప్పుడు షాపుకి తీసుకెళ్లండి, కానీ డేటా కాపీ చేశాకే చెయ్యి పెట్టమని ముందే చెప్పండి.