థండర్‌బర్డ్ నుంచి మెయిల్ వెళ్లనప్పుడు

ఉబుంటు అనే లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌లో థండర్‌బర్డ్ అనే మెయిల్ ప్రోగ్రాం వాడే మా పెదనాన్నగారికి మెయిళ్లు వస్తున్నాయి గానీ, ఆయన రాసినవి వెళ్లడం లేదు. మెయిళ్ల రాక ఐమ్యాప్ అనే పద్ధతి పని, పోక ఎస్‌ఎమ్‌టీపీ అనే పద్ధతి పని; రెండింటి పోర్టులూ (సర్వర్‌కు చేరే ద్వారాల నంబర్లు) వేరు కనుక, ఒకటి నడిచినంత మాత్రాన రెండోది బాగున్నట్టు కాదు. ప్రోగ్రాంను తీసేసి మళ్లీ ఇన్‌స్టాల్ చేయమని చాలామంది చెబుతారు. కానీ సెట్టింగులు దాచి ఉండే పాత ప్రొఫైల్ హోమ్ ఫోల్డర్‌లోనే ఉండిపోతే, తప్పుడు సెట్టింగే తిరిగి వస్తుంది.

అకౌంట్ సెట్టింగ్స్‌లో ఎడమవైపు జాబితా అడుగున ఉండే అవుట్‌గోయింగ్ సర్వర్‌ను తెరిస్తే, పోర్టు 25 అని కనబడింది. స్పామ్‌ను అరికట్టేందుకు చాలా ఇంటర్నెట్ సంస్థలు ఇళ్ల కనెక్షన్లపై ఈ పోర్టును మూసి ఉంచుతాయి. దాన్ని 587గా మార్చి, కనెక్షన్ భద్రతకు స్టార్ట్‌టీఎల్‌ఎస్ అనే ఎన్‌క్రిప్షన్ పద్ధతిని ఎంచుకోగానే మెయిల్ వెళ్లింది. 465 పెడితే మాత్రం ఎస్‌ఎస్‌ఎల్/టీఎల్‌ఎస్ ఎంచుకోవాలి.